అందరూ చెప్పే పేరు

రాస్తున్నావా సుజీ? సరే, నేను ఆగకుండా చెప్తాను, నువ్వు ఆగకుండా టైపు కొట్టు. తప్పులు తర్వాత దిద్దుకుందువు. మధ్యలో ఆపితే నేను దారి తప్పుతాను.

మా మనవరాలు ఈ సుజీ చేసే ఉద్యోగం నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. "వెబ్‌సైట్లను పైకి తెస్తామవ్వా" అంటుంది. పైకి అంటే ఎక్కడికి? మేడ మీదికా? చివరికి ఒకరోజు కూర్చోబెట్టి చెప్పింది. కంప్యూటర్లో మనం ఏదన్నా వెతికితే లెక్కలేనన్ని పేజీలు దొరుకుతాయట. వాటిలో దేన్ని ముందు చూపించాలో, దేన్ని అడుగున పడెయ్యాలో సెర్చ్ ఇంజిన్ తేల్చుకుంటుందట. అది ఎట్లా తేల్చుకుంటుందో కనిపెట్టడం వీళ్ల పని.

"ఎట్లా తేల్చుకుంటాదే?" అన్నాను.

"ఎక్కువ పేజీలు దేనివైపు వేలు చూపిస్తే అది పెద్దదవ్వా. వేలు చూపించేవాళ్లు కూడా పెద్దవాళ్లయితే అది ఇంకా పెద్దది."

"ఓసి పిచ్చిదానా, నేను ముప్పై ఏళ్లు చేసింది అదేగదే" అన్నాను. నవ్వింది. నేను రెండు మూడు సంగతులు చెప్పాక నవ్వడం మానేసింది. "మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు ఇది కావాలవ్వా" అని లాప్‌టాప్ తెచ్చుకుంది. అదీ ఈ రాత పుట్టిన కథ. నా ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు ఎవరికి కావాలి, అవి చెప్పను.

బోర్డు ముందు

నేను టెలిఫోన్ ఆపరేటర్ని. ముందు ఉదయగిరి కొండ కనపడే ఒక చిన్న ఎక్స్ఛేంజిలో, తర్వాత ఆత్మకూరులో. తొంభైల మొదట్లో పట్నాల్లో జనం నంబరు తిప్పుకొని మాట్లాడుకుంటుంటే మా వైపు ఇంకా బోర్డే. ఎవరన్నా ఫోనెత్తితే నా ముందు ఒక చిన్న మూత టక్కున పడుతుంది. నేను తీగ ప్లగ్గు అందులో గుచ్చి "ఎక్స్ఛేంజి" అంటాను. ఎవరు కావాలో వాళ్లు చెప్తే ఇంకో ప్లగ్గు అటు గుచ్చి కలుపుతాను. నేను కలిపితే కలుస్తారు, లేకపోతే లేదు.

నంబరు చెప్పేవాళ్లు తక్కువ. "కొండాపురంలో ఎరువుల షాపు ఇయ్యమ్మా" అంటాడు ఒకాయన.

"ఏ షాపు నాయనా? మూడుండాయి."

"మంచిది ఇయ్యి."

"ఏది మంచిదో నాకెట్టా తెలుసు? నేనేమన్నా సేద్యం చేస్తాండానా?"

"పొద్దస్తమానం అందరి మాటలూ నీ చెవిలోంచే గదమ్మా పొయ్యేది. నీకు తెలవకుంటే ఇంకెవురికి తెలస్తాది?"

ఇట్లా ఉండేది నా ఉద్యోగం. అడిగేవాడికి నంబరు కాదు, నమ్మకం కావాలి. ఆ నమ్మకాన్ని ఎటు కలపాలో తేల్చే పని జీతం లేకుండా నామీద పడింది. మీకు జీతం ఇస్తున్నారు, అదృష్టవంతులు.

మాకు ఉండేవి రెండే గట్టి నియమాలు. బోర్డు మీద విన్నది బోర్డు దాటకూడదు. ప్రాణం మీది కాల్ వస్తే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దానికి లైను ఇవ్వాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి పొడుచుకునే రోజు ఒకటి వస్తుందని నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

కాలు ఎటు నడుస్తుంది

పిల్లలకు జ్వరాలొచ్చే కాలంలో పల్లెల నుంచి ఒకటే అడగడం. "ఆత్మకూరులో మంచి డాక్టరుకు ఇయ్యమ్మా." ఇద్దరు ప్రైవేటు డాక్టర్లు ఉండేవాళ్లు. ఒకాయన పేరు పదిమంది నోళ్లలో ఉండేది. రెండో ఆయన పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నేను కూడా మొదట్లో పదిమంది చెప్పే పేరుకే ప్లగ్గు గుచ్చేదాన్ని.

ఒకరోజు మందుల షాపాయన వేరే పని మీద ఫోన్ చేస్తే, ఊరికే అడిగాను. ఎవరు మంచి డాక్టరని అడగలేదు. అట్లా అడిగితే అందరూ చెప్పేదే ఆయనా చెప్తాడు. "అన్నా, మొన్న మీ చిన్నోడికి జ్వరమొస్తే యాడికి తీసకపొయినావు?" అన్నాను.  గొంతు తగ్గించి, ఎవరూ ఎత్తని ఆ రెండో ఆయన పేరు చెప్పాడు. "ఈ మాట యాడా అనబాకమ్మా, ఆ పేరున్నాయన రాసే చీటీలే నా షాపుకు వస్తాండేది" అన్నాడు.

అప్పుడు పట్టుకున్నాను కిటుకు. వేలు ఎటు చూపిస్తున్నాడన్నది కాదు, కాలు ఎటు నడుస్తోందన్నది చూడాలి. తన బిడ్డకు రోగమొచ్చినప్పుడు నడిచే కాలు అబద్ధం చెప్పదు.

ఇంకొకటి. మర్రిపాడు రోడ్డు మీద లారీలు ఎక్కువ. ఎక్కడ ఆగిపోయినా క్లీనరు కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఫోన్ చేసి ఒకే మెకానిక్కు పేరు చెప్పేవాడు. ఏ లారీ అయినా, ఎవరి క్లీనరయినా అదే పేరు. ఇంతమంది చెప్తున్నారంటే గొప్ప పనివాడు అనుకున్నాను. ఎవరన్నా మెకానిక్కు కావాలంటే ఆయనకే కలిపేదాన్ని. ఒక ముసలి డ్రైవరు నవ్వాడు. "ఆయప్ప క్లీనర్లకు దోసెలు పెట్టిస్తాడమ్మా. బండి మటుకు మళ్లా నాల్రోజులకు అదే కాడ ఆగుద్ది."

అంటే నేను విన్నవి యాభై నోళ్లు కావు. ఒకే దోసె పెనం. మీ రంగంలో కొందరు డబ్బులిచ్చి లింకులు, అంటే ఆ చూపించే వేళ్లు, కొంటారని సుజీ చెప్పినప్పుడు నాకు ఆ దోసెలే గుర్తొచ్చాయి. ఎన్ని నోళ్లని లెక్కపెట్టే ముందు, ఆ నోళ్లకు తిండి ఎక్కడినుంచి వస్తోందో చూడండి.

ఇవి నవ్వుకునే సంగతులు. ఇప్పుడు చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

పాముకాటు లైను

చేజర్ల దిక్కున ఒక పల్లెలో కోటయ్య తాత ఉండేవాడు. పాము మంత్రం వేస్తాడు. ఆయన దగ్గరికి పోనక్కర్లేదు, ఫోన్లోనే వేస్తాడు. ఆ ఊరి పోస్టాఫీసు గోడ, ఆయన ఇంటి గోడ ఒకటే. ఫోన్ మోగితే వచ్చి మాట్లాడతాడు.

దానికో పద్ధతి ఉంది. ఫోన్ చేసినవాడు తన తువ్వాలు కొసను పట్టుకొని నిలబడాలి. తాత అవతల మంత్రం చదివి "వెయ్యి" అనగానే కొసకు ముడి వెయ్యాలి. ఆ ముడితో నేరుగా వచ్చి, కాటు పడిన మనిషి పక్కన కూర్చొని విప్పాలి. ముడి విప్పేదాకా ఆ మనిషిని ఉన్నచోటు నుంచి కదిలించకూడదు.

ఈ చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. హిందువులు, సాయిబులు, మా చర్చికి వచ్చేవాళ్లలో సగం మంది కూడా. పాముకాటు అని చెప్తే చాలు, నంబరు అడిగే పనే లేదు, చెయ్యి తనంతట అదే అటు పొయ్యేది. ప్రాణం మీది కాల్ కదా.

ఎందుకంత పేరు? ఇప్పుడు చెప్తాను, అప్పుడు నాకూ తెలియదు. మన చేలల్లో కరిచే పాముల్లో చాలా వాటికి విషం ఉండదు. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. వాళ్లంతా ముడి విప్పకపోయినా బతికేవాళ్లే. ముడి విప్పాక బతికారు కాబట్టి, బతికినన్నాళ్లూ తాత పేరు చెప్తారు. పోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా. వాళ్ల ఇంటివాళ్లు "ముడి ఆలస్యమైంది" అంటారు. గెలిచినా తాతకే సాక్ష్యం, ఓడినా తాతకే సాక్ష్యం. అటువంటి పేరు తగ్గేదెట్లా?

మా సూపర్‌వైజరు సారును కూడా చిన్నప్పుడు పాము కరిచిందట, ముడి విప్పితే బతికాడట. మంచి మనిషి. బోర్డు మీద దుమ్ము పడితే తన చేతిరుమాలుతో తుడిచేవాడు. "మార్తమ్మా, మన బోర్డు మీద అన్నిటికన్నా విలువైన లైను అదే" అనేవాడు.

ఒక ఏడు వేసవిలో, బోర్డు మీద తాత ఊరి పోస్టాఫీసు లైను మూత టక్కున పడింది. ప్లగ్గు గుచ్చాను. తాతే. "అమ్మా, ఆత్మకూరు సర్కారు ఆస్పత్రికి ఇయ్యి, బిన్నా, తొందరగా." కలిపి, లైను పడిందా లేదా అని ఒక్క క్షణం వింటాము, అది మా పని. "నా మనమడిని పాము కరిచింది. బస్సులో ఎక్కించుకొని వస్తాండాం. ఇంజెక్షన్ ఉండాదా అయ్యా?" అంటున్నాడు. ఉందన్నారు వాళ్లు. ఆ పిల్లాడు బతికాడు.

 ఇందాక చెప్పానే, కాలు ఎటు నడుస్తోందని. ఆ సంగతి బోర్డు మీద విన్నాను కాబట్టి బోర్డు దాటనివ్వలేదు.

ఈశ్వరి

మా లైన్‌మన్ చెన్నయ్య. స్తంభాలెక్కి తీగలు బాగుచేసేవాడు. నన్ను సొంత అక్కలా చూసుకునేవాడు. అతని ఊరు మర్రిపాడు పక్కన ఒక చిన్న పల్లె. భార్య సుందరమ్మ. ఒక్కతే కూతురు ఈశ్వరి, పదో తరగతి. సెలవుల్లో నాయన వెంట వచ్చి మా బోర్డు దగ్గర కూర్చొనేది, నా హెడ్‌సెట్ పెట్టుకొని "ఎక్స్ఛేంజి" అని నా గొంతు అనుకరించి మా సారును కూడా నవ్వించేది.

వేరుశనగ పీకే రోజులు. పొద్దెక్కింది. బోర్డు మీద మర్రిపాడు పోస్టాఫీసు లైను మూత పడింది.

"అక్కా, నేను సుందరమ్మను. ఈశ్వరిని పాము కరిచింది. చెట్టు పీకతా ఉంటే చేతి మీద. నాగుబామే, నా కళ్లతో చూసినా."

"యాడుండారిప్పుడు?"

"మర్రిపాడులో. రోడ్డు మీద లారీ ఆపి ఎక్కించినా. ఆత్మకూరు పోతాండాది, ఆస్పత్రి కాడ దించుతానన్నాడు డ్రైవరు. ఈశ్వరోళ్ల నాయనకు చెప్పమని ఒక్క నిమిషం ఆపించినా. ఇదో, ఇది నీతో మాట్లాడతాదంట."

ఈశ్వరి వచ్చింది. "అత్తా, నాకేం కాలేదు. అమ్మే ఊరికే ఏడస్తాండాది. పోస్టుమాస్టరు ఇద్దరుగా కనపడతాండాడు, అంతే."

"ఇద్దరేందే?"

"ఒక్కడు పక్కన ఇంకొకడు. ఒక్కడితోనే పడలేకపోతాండారు ఊళ్లోవాళ్లు, ఇప్పుడు ఇద్దరు."

నవ్వింది. విషం కళ్లదాకా వస్తే ఒకటి రెండుగా కనపడుతుందని ఆస్పత్రి నర్సు తర్వాత చెప్పింది. ఆ క్షణానికి నాకు తెలిసిందల్లా ఒక్కటే. "పొండి, ముందు లారీ ఎక్కండి, పొండి" అన్నాను.

వెంటనే ఇంకో మూత. చెన్నయ్య. లైన్‌మన్ స్తంభం మీదినుంచే తన చేతి ఫోను తీగకు తగిలించి మమ్మల్ని పలకరిస్తాడు, లైను బాగుందో లేదో చూడడానికి. "టెస్టింగ్ అక్కా" అన్నాడు, ఎప్పటిలాగే. చెప్పాను.

 "తాతకు లైనియ్యి" అన్నాడు.

"ఒరే, సుందరమ్మ లారీ ఎక్కించేసిందిరా. నువ్వు నేరుగా ఆత్మకూరుకు పో."

"ముడి లేకుండా కదిలిచ్చిందా? దానికి బుద్ధుండాదా? కదిలిస్తే ఇసం పైకెక్కదా? మర్రిపాడుకు చెప్పు, దించమను. నేను ముడేసుకొని వస్తాండా."

అప్పుడు నేను నియమం తప్పాను. "చెన్నయ్యా, విను. తాత తన మనమడిని పాము కరిస్తే ముడి వెయ్యలేదు. బస్సెక్కించి ఆత్మకూరు ఆస్పత్రికి తీసకపొయినాడు. లైను ఇచ్చింది నేనే. నా చెవులతో విన్నా."

 దానికి అతను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అక్కా, నువ్వు ప్రార్థనల మనిషివి. మంత్రమంటే నీకు మొదట్నించీ గిట్టదు. నా బిడ్డ పానం మీద గూడా నీ మతం చెప్తాండావా?"

 నేను చెప్పింది నిజం. కానీ ఆ నిజం వెనక నేనొక్కదాన్నే ఉన్నాను, అదీ చర్చికి పోయేదాన్ని. అబద్ధం వెనక మూడు మండలాలు ఉన్నాయి. అతను తండ్రి. ఎటు మొగ్గుతాడు?

ఇదంతా మా సారు వెనక నిలబడి విన్నాడు. "బోర్డు మీది మాట బయటికి చెప్తావా మార్తమ్మా? లే పక్కకి" అన్నాడు.  హెడ్‌సెట్ తీసుకొని తానే కూర్చున్నాడు. తాతకు లైను ఇచ్చాడు. తర్వాత మర్రిపాడుకు ఇచ్చాడు. ఆయన ప్రాణం కాపాడుతున్నాననే అనుకున్నాడు. నియమం కూడా ఆయన వైపే ఉంది.

డ్రైవరు రేడియేటరులో నీళ్లు పోసుకొని అప్పుడే బండి కదిలిస్తుంటే, మర్రిపాడులో పోస్టుమాస్టరు రోడ్డు మీదికి పరిగెత్తి లారీని ఆపాడట. సుందరమ్మ దిగనందట. "దిగమ్మా, ముడొస్తాండాది, తాత ముడేసినాడు" అని పోస్టాఫీసు వరండాలో ఉన్నవాళ్లందరూ అన్నారట. లోడుతో పోతున్న లారీ అది, ఎంతసేపు ఆగుతుంది? బిడ్డను దించి వరండాలో కూర్చోబెట్టారు. లారీ పోయింది.

సారు లేచాక నేను మళ్లీ బోర్డు ముందు కూర్చొని ఆత్మకూరు ఆస్పత్రికి కలిపాను. "మందుంది, తీసుకురండి" అన్నారు. మర్రిపాడుకు కలిపాను. "నిద్రొస్తాండాదంటమ్మా. నిద్రపోనీకుండా మొగాన నీళ్లు కొడతాండాం" అన్నాడు పోస్టుమాస్టరు. జీపు చూడమన్నాను. మళ్లీ కలిపాను. "మాట ముద్దగా వస్తాండాది" అన్నాడు. మూడోసారి కలిపితే, "వచ్చినాడమ్మా, చెన్నయ్య వచ్చినాడు, ఇప్పుతాండాడు" అన్నాడు. ఆ గొంతులో ఎంత సంతోషమో.

ముడి విప్పేసరికి ఈశ్వరి తల నిలవడం లేదు. అప్పుడు జీపు ఎక్కించారు. ఆత్మకూరు ఇళ్లు కనపడకముందే, సుందరమ్మ ఒడిలో ఊపిరి ఆగిపోయింది.

పేరు పెరిగింది

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు ఇది జాగ్రత్తగా వినాలి. ఇంత జరిగాక తాత పేరు తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. "ముడి కాస్త ముందొచ్చి ఉంటే బతికేది" అన్నారు. అంతటితో ఆగలేదు. "ఆ తల్లి లారీ ఎక్కించి కుదిపింది, అందుకే మంత్రం పట్టలేదు" అన్నారు. దినాలకు వచ్చినవాళ్లు ఆ మాట సుందరమ్మ ఎదురుగానే అన్నారు. చెన్నయ్య అడ్డుచెప్పలేదు. అడ్డుచెప్తే, బిడ్డను వరండాలో కూర్చోబెట్టింది తనేనని ఒప్పుకోవాలి కదా. ఏ తండ్రి మొయ్యగలడు అది? పాపం, వాడికి ఆ నమ్మకమే ఊతకర్ర అయింది. దానికింద భార్య నలిగిపోయింది.

తప్పు చేసినవాడి పేరు పెరగడానికి ఎవరో ఒకరి పేరు అడుగున పడాలి. మీ లెక్కల్లో కూడా అట్లాగే ఉంటుందేమో సుజీ, నాకు తెలియదు.

కొన్నాళ్లకు కోటయ్య తాత మా ఎక్స్ఛేంజి మెట్ల మీద వచ్చి కూర్చున్నాడు. అప్పటిదాకా నేను ఆయన గొంతే ఎరుగుదును. బక్కమనిషి. మా సారు కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు.

"అమ్మా, పాముకాటని ఎవురు ఫోన్ చేసినా నాకు లైనియ్యబాక" అన్నాడు.

"ఇయ్యకపోతే నన్ను కొడతారు తాతా. నువ్వే చెప్పు, ముడిలో ఏమీ లేదని."

"చెప్తానే ఉండా గదమ్మా. పతోడికీ చెప్తా, ముడేసినాక ఆస్పత్రికి పొండ్రా అని. చెన్నయ్యకు గూడా చెప్పినా, నీ పెండ్లాం చేసిందే సరి, ఆపబాకరా అని. ఊ ఊ అన్నాడు. 'వెయ్యి' అనే మాట ఒక్కటే ఇనపడతాది వాళ్లకు."

"మరి ఆ ముడి ఎందుకు పెట్టినావు?"

"మా నాయన పెట్టినాడు. అప్పుడు ఫోన్లు యాడివి? కబురు తెచ్చినోడు పది ఊళ్లు నడిచి రావాల. తిరిగి పొయ్యేటప్పుడు సారా అంగడి కాడ కూలబడతాడని, తువ్వాలుకు ముడేసి, ఇప్పేదాకా యాడా నిలబడబాక అని చెప్పేవాడు. కబురోడిని నిలబడబాకంటే, జనం కాటు పడినోడిని కదిలించబాకని చేసుకున్నారు, అంతేనమ్మా దాని కత."

మా సారు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బోర్డు తుడిచే రుమాలు చేతిలోనే ఉంది.

నేను తాతను ఒక్కటే అడిగాను. "ఆ తల్లిని అందరూ నిందిస్తాండారు. నువ్వు వాళ్ల ఊరికి పొయ్యి, ఆమె తప్పు లేదని అందరి ముందరా చెప్పు." పోతానన్నాడు. పోయాడు కూడా. ఊరు నడుమ నిలబడి, "ఆ బిడ్డతల్లి చేసిందే సరైన పని, మీరు ఆపకుండా ఉంటే బతికేది" అని నోరారా చెప్పాడట.

ఊరు ఏమందో తెలుసా? "ఎంత గొప్ప మనసు తాతది! తప్పు చేసినదాన్ని గూడా కడుపులో పెట్టుకున్నాడు."

ఆ తర్వాత ఆయన ముడిలో ఏమీ లేదని చెప్పడం మానేశాడు. వేరే మాట చెప్పడం మొదలుపెట్టాడు. "ముడి ఆత్మకూరు ఆస్పత్రిలో, మంచం పక్కన ఇప్పాల. ఇంకేడ ఇప్పినా చెల్లదు." అంతే. చేజర్ల నుంచి, మర్రిపాడు నుంచి, ఉదయగిరి పక్క పల్లెల నుంచి, పాముకాటు పడినవాళ్లను ఎత్తుకొని ఆత్మకూరుకు పరుగులు. డాక్టర్లు ఏళ్ల తరబడి చెప్తే వినని జనం ఆ ఒక్క మాటకు కదిలారు. ఎంతమంది బతికారో.

ఆ మాట అబద్ధం. చర్చికి పోయేదాన్ని, అబద్ధాన్ని మెచ్చుకోకూడదు. కానీ పాముకాటు కాల్ వచ్చినప్పుడు అప్పటినుంచీ నేను నిమ్మళంగా లైను ఇచ్చాను. పెద్ద పేరున్నవాడు చెయ్యగలిగిన మంచి పని అదొక్కటే, తన దగ్గరికి వచ్చినవాళ్లను సరైన చోటుకు పంపడం. వచ్చినవాళ్లను తన దగ్గరే ఉంచుకునేవాడు ఎంత పెద్దవాడైనా నేను నమ్మను. మీరూ నమ్మకండి.

ఆత్మకూరులో

తర్వాత నన్ను ఆత్మకూరుకు వేశారు. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది, తీగలు, ప్లగ్గులు పోయాయి. ఎవరి నంబరు వాళ్లే తిప్పుకుంటున్నారు, మధ్యలో మనిషి లేదు. నేను కంప్లయింట్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం సుందరమ్మ వచ్చింది. గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది, అంత చిక్కిపోయింది. ఆస్పత్రి నుంచి వస్తోంది. వాళ్ల ఊళ్లో ఒక కుర్రాడిని పాము కరిస్తే తనూ తోడు వచ్చిందట. వాళ్ల నాయన తువ్వాలు ముడి మంచం పక్కనే విప్పాడట. సూది కూడా వేశారట. పిల్లాడు లేచి కూర్చొని ఇడ్లీ అడిగాడట.

"మంచి మాట చెప్పినావు" అన్నాను. మంచినీళ్లు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకొని కూర్చుంది.

"అక్కా, ఇప్పుడు అందరూ లారీ ఆపతాండారు. జీపులు ఆపతాండారు. ఒక్క నిమిషం గూడా కూర్చోరు. నేను ఆ పొద్దు చేసిందే అందరూ చేస్తాండారు."

"అవును తల్లీ."

"ఒక్కరన్నా, సుందరమ్మ అప్పుడే చేసింది అంటారేమోనని చూస్తాండా. ఇందాక ఆస్పత్రిలో గూడా చూసినా. ఆ పిల్లోడి నాయన ఏడస్తా నా చెయ్యి పట్టుకున్నాడు. అంటాడేమో అనుకున్నా."

"ఏమన్నాడు?"

"తాత చెప్పబట్టి బతికినాడు వదినా, అన్నాడు."

బస్సు టైం అయిందని లేచింది. వాకిలి దాకా పోయి, వెనక్కి తిరిగి, ఏదో ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఈశ్వరోళ్ల నాయన మటుకు ఇప్పటికీ, నేను కదిలిచ్చకపోతే బతికేదనే అంటాడక్కా. అన్నం పెట్టేటప్పుడు గూడా అంటాడు."